జమీందారుకొచ్చిన సారె

నర్సీపట్నం,
14-7-2025

వదినగారికి కళావతి నమస్కారాలు.

ఈ రోజుల్లో ఉత్తరమేటి అని నవ్వకండి. మీతో ఫోన్లో మాట్లాడి నేను పడ్డ పాట్లు చాలు. మీకు వినబడదు కాబట్టి నేను అరవాలి. నేను అరిస్తే మా వీధి వింటుంది. మొన్న మా ఆయనకి మలబద్ధకం తగ్గిందని మీకు మూడుసార్లు చెప్పేసరికి, ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి "తగ్గిందటమ్మా, పోన్లే" అని నన్ను ఓదార్చి వెళ్ళింది. అప్పుడే అనుకున్నాను, ఇక మన వియ్యపురాళ్ళ మాటలు కాయితం మీదేనని.

మా నాగేంద్ర, మీ రోజారమణి విశాఖపట్నంలో ఇల్లు సర్దుకున్నారు. ఆ ఇంటి ఓనరు కుక్కని రానివ్వనన్నాడట. అంచేత జమీందారు నా నెత్తిన పడ్డాడు. కాపురానికి వస్తూ కోడలు కుక్కని వెంటబెట్టుకొచ్చిన రోజు మా వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. నేనప్పుడూ ఏమీ అనలేదు, ఇప్పుడూ అనట్లేదు. కాకపోతే వాడు నా ఇంట్లో తిండి తినట్లేదు.

వాడికేం లోటు చెయ్యలేదండీ. శుభ్రంగా ఆకులో అన్నం, పెరుగు కలిపి పెట్టి, నేను దూరంగా వెళ్ళిపోతాను. నా సంగతి మీకు తెలుసు కదా, ఎంగిలి, అంటు దగ్గర మహా పట్టింపు మనిషిని. మంచినీళ్ళ గ్లాసు కూడా మూతికి ఆనించను. వాడు ఆకు చూస్తాడు, నన్ను చూస్తాడు, తల నేలకేసి పడుకుంటాడు. ఎప్పుడో కాసిని పాలు నాకుతాడు. మా ఆయన టీలో ముంచుకుని సగం తిని పడేసిన బిస్కట్టు మాత్రం తింటాడు. వెనక కాళ్ళు లాగేస్తున్నాయి. పశువుల డాక్టరు చూసి, జబ్బేం లేదు, వయసొచ్చింది, కీళ్ళకి బలం మందులుంటాయి, అవి పట్టించండి, ముందు తిండి తినిపించండి అన్నారు.

ఉన్నమాట చెప్పేస్తున్నాను. ఈ కుక్క నా ఇంట్లో కన్నుమూస్తే, ముసలిదై పోయిందని ఒక్కరు కూడా అనరు. కోడలు అటు బస్సెక్కగానే అత్త దాని కుక్కని మాడ్చి చంపేసింది అంటారు. వినాయక చవితికి పిల్లలు వస్తారు. రోజూ ఫోను చేసి, అత్తయ్యా ఎలా ఉన్నారు అనదు మీ అమ్మాయి. జమీందారు తిన్నాడా అంటుంది. తిన్నాడమ్మా అని అబద్ధం చెప్తున్నాను. బేగి ఏదైనా ఉపాయం చెప్పండి.

ఇట్లు,
మీ వియ్యపురాలు కళావతి

ఎస్. రాయవరం,
19-7-2025

వదినగారికి అప్పలకొండమ్మ దండాలు.

మీ ఉత్తరం అందింది. అన్నయ్యగారికి తగ్గినందుకు సంతోషం. ఆ రోజు ఫోన్లో నాకు సరిగ్గా ఇనబడలేదు గానీ, ఏదో తగ్గిందని తెలిసింది.

మీ బాధ మీది, నా బాధ నాది వదినగారూ. కుక్క మీ నెత్తిన పడితే పిల్లి నా నెత్తిన పడింది. మా గుంట రోజా దానికి రాణి అని పేరెట్టింది గానీ, పని అంతా నాది. బొచ్చు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడిపోతంది. దానికేదో బలం పేస్టు పంపింది అమ్మాయి, టూత్‌పేస్టులాగే ఉంది. ఏలుకి రాసి పెడితే ముట్టదు. ముందరికాలికి పులిమీమంది అమ్మాయి. పులిమితే, కాలు మురికైపోయిందని అదే నాక్కుంటాది. ఇలా కాలికి పులిమి మందు మింగించే యోగం మడుసులకి కూడా ఉంటే మీ అన్నయ్యగారికి బీపీ బిళ్ళ నేనే పులిమీదాన్ని.

జమీందారు తినట్లేదని అమ్మాయికి సెప్పలేదు. కాళ్ళు లాగుతున్నాయని మట్టుకు సెప్పీసాను, నా నోటి సంగతి మీకు తెలుసు. ఫోన్లో ఏదో మందు ఆర్డరు పెట్టిందట. అది ఎలా పెట్టాలో మీకు తనే సెప్తాదిలెండి, నాకు ఇంగ్లీషు రాదు. మీరు దిగులెట్టుకోకండి. వాడు గట్టి పిండం. మా ఊళ్ళో ఉన్నప్పుడు సెరకు బండి ఎనకాల మైళ్ళు పరిగెట్టినోడు.

ఈ ఏడు జీడిపిక్కలు బాగా కాసాయి. ఇంకేటి రాయను, గేదె అరుస్తంది.

ఇట్లు,
అప్పలకొండమ్మ

నర్సీపట్నం,
1-8-2025

వదినగారికి కళావతి నమస్కారాలు.

మొదటి శ్రావణ శుక్రవారం పూట మీ ఊరి వ్యాను తోలే గంగులు మా గుమ్మంలో తట్ట దించాడు. పసుపు, కుంకుమ, తమలపాకులు, అరటిపళ్ళు, రవికల గుడ్డ, పక్కన తళతళ మెరిసే స్టీలు డబ్బా. కళ్ళకద్దుకుని దేవుడి గదిలో పెట్టాను. పెళ్ళయిన మొదటి శ్రావణం మీరు మర్చిపోలేదు. మీ మర్యాద గొప్పదని మా ఆయనతో కూడా అన్నాను.

డబ్బాలోవి ఒక్క గుమ్మం వదలకుండా వీధంతా పెట్టాను. ఒక్క మాట చెప్తాను, ఏమనుకోకండి. కాస్త గట్టిగా ఉన్నాయి. ఆ ఆకారం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. జోగులమ్మ మొదటిరోజు వాసన చూసి పక్కన పెట్టేసింది. మర్నాడు ఏం గుర్తొచ్చిందో తినేసి, నేరుగా మా గుమ్మంలోకొచ్చి కూర్చుంది. ఇంకో రెండు పెడితే గానీ కదల్లేదు. అప్పట్నించీ రోజూ అదే వరస. దానికి మోకాళ్ళు పట్టేసి మెట్టెక్కలేకపోయేది, ఇప్పుడు మా మేడ మీదకి కూడా వచ్చేస్తోంది. బుల్లమ్మకి పళ్ళు లేవు. పాలల్లో నానబెట్టి ఇస్తే ఒక్క ముక్క మిగల్చలేదు.

ఇలాంటి ఉత్తరంలో కుక్క సంగతి రాయకూడదు గానీ, జమీందారు మాత్రం అలాగే ఉన్నాడు. లేవడం కష్టంగా ఉంది.

డబ్బా ఖాళీగా పంపడం మా ఇంటా వంటా లేదు. అందులో ఉండలు పెట్టి గంగులు చేతే పంపుతున్నాను. నా చేత్తో చేశాను. బలానికి చాలా మంచివి, బొచ్చు ఊడిపోతోందని మీరు రాసింది చదివాక అవే చెయ్యాలనిపించింది. ఎలా ఉన్నాయో రాయండి. ఈ వీధిలో నా ఉండలకి పేరుంది.

ఇట్లు,
మీ వియ్యపురాలు కళావతి

ఎస్. రాయవరం,
5-8-2025

వదినగారికి అప్పలకొండమ్మ దండాలు.

మీ మనసు దొడ్డది వదినగారూ. అంత కరీదు పెట్టి తెప్పించింది వీధంతా పంచీసారంటే నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మీ ఇంట్లో ముసలాడికి పెట్టండి. తినను అని మొకం తిప్పితే ఊరుకోకండి. నోరు తెరిచి లోపల పడీసి, మింగీదాకా మూతి గట్టిగా పట్టుకోండి. గొంతు కింద కాస్త నిమిరితే దిగిపోతాది.

జోగులమ్మని మరీ నెత్తికెక్కించుకోకండి. రోజుకి ఒకటే పెట్టాలట, ఎక్కువైతే బేదులు పట్టీసి మీ వాకిలంతా పాడుసేస్తాది. మళ్ళీ గుమ్మంలోకొచ్చి కూసుంటే కర్ర సూపించండి. కొట్టక్కర్లేదు, పాపం, సూపిస్తే అదే ఎల్లిపోతాది. మేడ మీదకి మట్టుకు రానివ్వకండి, అలవాటైపోతే పక్కబట్టల మీద పడుకుంటాది. ఆ పళ్ళు లేని బుల్లమ్మకి పెట్టడం ఇంక ఒగ్గీయండి. అది ఇంకెన్నాళ్ళు బతుకుతాది, దానికి పెట్టి దండగ.

మీ ఉండలు అందాయి. రాణికి పెట్టాను. వాసన సూసి తోక ఇసురుకుని ఎల్లిపోయింది. కాలికి పులిమినా నాకలేదు, బల్లకేసి తుడిసీసింది. పారీడం ఎందుకని మొత్తం గేదెకి పెట్టీసాను. రెండు పూటలా పాలు బాగా ఇచ్చింది. మందు మంచిదే, పిల్లికి పడలేదంతే. మళ్ళీ సేస్తే నెయ్యి తగ్గించండి, దానికి నెయ్యి ఎందుకు.

ఇట్లు,
అప్పలకొండమ్మ

నర్సీపట్నం,
8-8-2025

అప్పలకొండమ్మగారికి,

ఈరోజు వరలక్ష్మీ వ్రతం. కోపం తెచ్చుకోకూడదని పొద్దుటి నించీ ప్రయత్నిస్తున్నాను. కుదరట్లేదు.

జోగులమ్మ నాతో పాటు అంగన్‌వాడీలో పని చేసి రిటైరైన మనిషి. ఎదురింట్లో ఉంటుంది. ఆమెకి కర్ర చూపించమంటారా? బుల్లమ్మ మా అత్తగారి సొంత చెల్లెలు. ఆవిడకి పెట్టి దండగా? ఆవిడ మీ పెళ్ళిపందిట్లో మీ అమ్మాయి నెత్తిన అక్షింతలు వేసి ఏడ్చింది, అది కూడా దండగేనా?

మా ఆయన్ని ముసలాడు అన్నారు. సరే, అన్నారు. నోరు తెరిచి పడేసి మూతి పట్టుకోమన్నారు. ఆ ఉత్తరం ఖర్మకాలి ఆయనే ముందు చదివారు. నిన్నటి నించీ నేను కంచం పట్టుకుని దగ్గరికెళ్తే కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నారు.

అవి సున్నుండలండీ. మినపపప్పు కమ్మగా వేయించి, ఇంట్లో కాచిన నెయ్యి పోసి చేసినవి. మీకు జుట్టు ఊడుతోందేమో, పైకి చెప్పలేక పిల్లి మీద పెట్టి రాశారేమో అనుకుని, మీకోసం చేశాను. పిల్లి కాలికి పులిమారు. మిగిలినవి గేదెకి పెట్టారు.

మీరు పంపిన సారె గురించి, గట్టిగా ఉన్నాయి అన్నది తప్ప, నేనింకొక్క మాట అన్నానా? ఆ కాజాలు చూసి వీధిలో నలుగురు నాలుగు రకాలుగా మూతి తిప్పారు. చేప వాసనొస్తోందని ఒకావిడ అంది. మా వియ్యాలవారి ఊళ్ళో నువ్వులు అలాగే వేయిస్తారు అని గదిమి, మీ పరువు నేను కాపాడాను.

జమీందారు నిన్న పెరటి మెట్టు దిగబోయి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. మీ అమ్మాయి ఆర్డరు పెట్టిందన్న మందు ఈరోజుకీ రాలేదు. చవితి దగ్గరకొచ్చేసింది. ఆమెకి నేనేం చెప్పాలో మీరే రాయండి.

కళావతి

ఎస్. రాయవరం,
11-8-2025

వదినగారూ, నిలబడి సదవకండి. కూసోండి.

సారేటి? కాజాలేటి? ఆ డబ్బాలోవి జమీందారు మందు.

అమ్మాయి ఆర్డరు పెట్టినప్పుడు ఫోన్లో మా ఊరి అడ్రసే ఉండిపోయిందట, మా ఇంటికొచ్చీసింది. ముసలి కుక్కలకి కీళ్ళు గట్టిపడ్డానికి అలాటివి సేత్తారంట. సేప నూనె, కోడి కార్జం, ఇంకా ఏవో బలాలు కలిపి, కుక్కకి ఇష్టమని ఎముక ఆకారంలో అచ్చు పోస్తారంట. ప్లాస్టిక్కు డబ్బా దార్లోనే పగిలిపోయి ఒచ్చింది. స్టీలు డబ్బాలో పోసాను. శ్రావణమాసంలో ఆడపిల్ల అత్తారింటికి ఒట్టి డబ్బా ఎలా పంపను? అందుకని పసుపు కుంకుమ, పళ్ళు, రవికల గుడ్డ పెట్టాను. ఏ దిక్కుమాలిన గడియలో పెట్టానో. అమ్మాయి మీకు సెప్తాదని నేననుకున్నాను. నేను సెప్తానని అది అనుకుంది.

మీరు వీధంతా పెట్టానంటే వీధి కుక్కలకి పెట్టారనుకున్నాను. జోగులమ్మ గుమ్మంలో కూసుందంటే ఆడకుక్క అనుకున్నాను. కుక్కకి ఎంత మంచి పేరెట్టారో అని మీ అన్నయ్యగారితో కూడా అన్నాను. ముసలాడంటే జమీందారు. అన్నయ్యగారిని నేనెందుకంతాను, నాకు పురుగులు పడవా? సున్నుండల సంగతి తల్సుకుంటే నాకు సిగ్గేస్తంది. గేదె రోజూ నా సెయ్యి వాసన సూస్తంది.

శ్రావణంలో మీరు నీచు ముట్టరని తెలుసు. తెలీక తిన్నదానికి దోసం లేదు, దేముడికి ఆ మాత్రం ఇవరం ఉంటాది.

అమ్మాయి సేత మళ్ళీ తెప్పించాను. ఎందుకని అడిగితే పాతవి ఎలకలు తినీసాయని సెప్పాను. గంగులు సేత పంపుతున్నాను. ఈసారి పసుపు లేదు, కుంకుమ లేదు, డబ్బా మీద ఎర్ర రంగుతో కుక్కకి అని మీ అన్నయ్యగారి సేత రాయించాను. నన్ను సెమించండి.

అప్పలకొండమ్మ

నర్సీపట్నం,
17-8-2025

వదినగారూ,

మీ ఉత్తరం చదివి చాలాసేపు పెరట్లో జమీందారు పక్కన కూర్చున్నాను. వాడి నోటి దగ్గరది వీధి వీధంతా కలిసి తినేశాం. వాడు చూస్తూ ఉన్నాడు.

ఎలకలని చెప్పారా. మంచిదే. అందులో పెద్ద ఎలకని నేనే. వీధిలో వాళ్ళు మూతి తిప్పారని రాశాను కదా, మీ పరువు కోసం వాళ్ళందరి ముందూ నాలుగు తీసి కరకరా నమిలాను. బాగున్నాయని కూడా అన్నాను. రోజుకి ఒకటే అని మీరు రాసింది అక్షరాలా నిజం.

ఎవరితోనూ అనలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. జోగులమ్మ నిన్న కూడా వచ్చి, మీ వదినగారు మళ్ళీ ఏమీ పంపలేదా అంది. మెట్లు నాకంటే చలాకీగా ఎక్కుతోంది. ఏం చెప్పను? ఒక్కటే దండం పెట్టి అడుగుతున్నాను. మీ అమ్మాయికి మాత్రం తెలియకూడదు. అత్త కుక్క బిస్కట్లు తిందంటే ఆ పిల్ల ముందు నేనింక తలెత్తుకోలేను.

కొత్త డబ్బా వచ్చింది. కానీ వాడు తినట్లేదు వదినగారూ. పెరుగన్నంలో దాచాను, శ్రావణమని కూడా చూడకుండా గుడ్డులో దాచాను. చివరికి మీరు చెప్పినట్టు నోరు తెరిచి పెట్టాను. పక్కకి ఉమ్మేసి, నా మొహం చూశాడు.

నాకు భయమేస్తోంది. వీధి ఏమనుకుంటుందో అని మొదట్లో రాశాను కదా, ఆ మాట కొట్టేయండి. వాడికి లేచే ఓపిక లేదు. అయినా నేను పెరట్లోకి వెళ్తే తోకతో నేల మీద ఒక్కసారి కొడతాడు. ఏమీ తినిపించలేని దానికి ఆ మర్యాద ఎందుకురా అని అడిగాను. ఏడుపొచ్చింది.

కళావతి

ఎస్. రాయవరం,
20-8-2025

వదినగారూ,

గంగులు వ్యాను కదిలిపోతంది, బేగి రాస్తున్నాను.

మీరు మొదటి ఉత్తరంలోనే రాసారు, ఆకులో పెట్టి దూరంగా ఎల్లిపోతానని. నా మట్టిబుర్రకి అప్పుడు తట్టలేదు. వాడు కుక్కపిల్లగా ఉన్నప్పుడు ఎవడో ఎదవ అన్నంలో ఎలకల మందు కలిపి పెట్టాడు. సావు తప్పింది. ఆ తరవాత మూడు రోజులు ఏటీ ముట్టలేదు. అప్పుడు మా గుంట ముద్ద తను కొరికి, నమిలి సూపించి, మిగతాది పెట్టింది. తిన్నాడు. అప్పట్నించీ అంతే. మనం కొరికిందే తింతాడు. పాలు తప్ప ఏదైనా ఎంగిలి కాకపోతే ఆకలితో సస్తాడు గానీ ముట్టడు. అన్నయ్యగారి బిస్కట్టు అందుకే తిన్నాడు.

మీకు ఎంగిలి పట్టింపని తెలుసు, అమ్మాయి కూడా అందుకే మీకు సెప్పలేదు, మీరు తిన్నాడంటే నమ్మీసింది. సెప్పడానికి నోరు రావట్లేదు. అన్నయ్యగారి సేత కొరికిద్దామంటే ఆయన మీ సేతిలో కంచం సూసే పారిపోతున్నారు.

కాకపోతే మీరు ఇప్పటికే నాలుగు తిన్నారు గదా.

అప్పలకొండమ్మ

నర్సీపట్నం,
30-8-2025

వదినా,

గారు తీసేశాను. కోపమొస్తే నువ్వూ తీసెయ్యి.

నీ ఉత్తరం అందిన రోజు తలుపేసుకుని, దేవుడికి దండం పెట్టుకుని, పెరట్లో జమీందారు ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాను. బిళ్ళ తీసి, కళ్ళు మూసుకుని కొరికాను. అదే కార్జం వాసన. మిగతా ముక్క వాడి ముందు పెట్టాను. వాసన చూశాడు, నన్ను చూశాడు, తిన్నాడు. లోపలికి పరిగెత్తి అన్నం కలుపుకొచ్చాను. ముద్ద నాకు కొంచెం, వాడికి చాలా. ఆకంతా ఖాళీ చేశాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒకరికి ఎంగిలి పెట్టింది అదే. కడుపు నిండిన కుక్క త్రేన్చడం కూడా అప్పుడే విన్నాను.

తిండి పడేసరికి నాలుగైదు రోజుల్లో లేచి నిలబడ్డాడు. చవితి ముందురోజుకి గుమ్మం దాకా నడిచాడు. బిళ్ళల బలమో, అన్నం బలమో నాకు తెలీదు. డాక్టర్ని అడిగితే రెండూ ఆపకండి అన్నారు.

పిల్లలొచ్చారు. నీ కూతురు వాణ్ణి కావలించుకుని, అత్తయ్యా ఎంత బాగా చూసుకున్నారు అని నా చేతులు పట్టుకుంది. నేను తల దించుకున్నాను. తరవాత చెప్పింది, కుక్కని రానిచ్చే ఇల్లు దొరికిందట, వెంట తీసుకెళ్ళిపోతుందట. తీసుకెళ్ళమ్మా, నీ కుక్కే కదా అన్నాను. అని వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు వెయ్యాల్సిన పప్పులో మళ్ళీ పసుపు వేశాను.

నిన్న ప్రయాణం. అందరూ వీధరుగు మీద ఉన్నారు. నీ అల్లుడు, మా ఆయన, సాగనంపడానికి వచ్చిన జోగులమ్మ, ఇరుగుపొరుగు. రోజా బిళ్ళ తీసి, చిన్నప్పటిలా పంటితో కాస్త కొరికి, వాడికి పెట్టింది. వాడు నోట కరుచుకున్నాడు. తినలేదు. కరుచుకునే అరుగు దాటి, గుమ్మం దాటి, నాలుగు కాళ్ళ మీద నడుచుకుంటూ వంటింటి గడప దగ్గర నిలబడ్డ నా దగ్గరికొచ్చి, నా పాదం మీద పెట్టి, కూర్చున్నాడు. నేను కొరకాలట.

ఆలోచించు వదినా. అది ముందు నీ కూతురి ఎంగిలి, ఆ పైన వాడి ఎంగిలి, తడి తడిగా ఉంది. ఎదురుగా తెరిచిన గుమ్మంలోంచి చూస్తూ వీధి సగం ఉంది. కడుక్కుని కొరకొచ్చు కదా అనకు. కడిగితే వాడు నమ్మడు. వంగాను, తీశాను, కొరికాను. వాడు మిగతాది తిని నా కాళ్ళ మీద తల పెట్టుకు పడుకున్నాడు.

నీ కూతురు కళ్ళు తుడుచుకుని, "అత్తయ్యా, సారె ఇంకా మిగిలిందేటి" అంది. అంటే దానికి అప్పటికే తెలుసు. ఎలకలన్నావు, ఏ ఎలకలో కూడా చెప్పేశావన్నమాట. నీ కడుపులో మాట దాగదని నాకు ముందే తట్టాల్సింది. మా ఆయన నవ్వుతూ కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

రోజా వాడి పక్కన కూర్చుని చాలాసేపు వీపు నిమిరింది. "వీడు మీవాడైపోయాడు, ఇక్కడే ఉండనివ్వండి. నేనే వస్తూ ఉంటాను" అంది. ఆ పిల్లకి ఎంత కష్టంగా ఉందో గొంతులో తెలిసింది. అయినా నేను వద్దమ్మా, తీసుకెళ్ళు అనలేదు. ఆ మాట అనేంత మంచిదాన్ని కాను.

జోగులమ్మకి అంతా చెప్పేశాను, నువ్వు కుక్క అనుకున్నావన్నది తప్ప. విని, "అయితే ఇంకో డబ్బా ఎప్పుడొస్తుంది" అంది.

నీ స్టీలు డబ్బా గంగులు చేత పంపుతున్నాను. అందులోవి సున్నుండలు. మళ్ళీ పొరపాటు పడకుండా మూత మీద వదినకి అని రాశాను. పైనున్న ఉండ సగం కొరికి ఉంటుంది. ఎలక కాదు, నేనే. ఆ మిగతా సగం నువ్వు తిను.

నీ
కళావతి